మరల చేతబట్టిన సూది



మా యింట రేడియో ఎక్కడ ఉండెడిదో ముందుగా మనవి చేసి, పిదప విషయమునకు వత్తుము. అది కుట్టుమిషను మీద ఉండెడిది. మిషను తలను క్రిందికి దించి, పలకను మూసి, దానిపై పూలగుడ్డ యొకటి పరచి, ఆ గుడ్డమీద రేడియో నుంచితిమి. పదునెనిమిది సంవత్సరములు అది అక్కడనే యున్నది. ఇంటికి వచ్చినవారు దానిని బల్ల యనియే అనుకొనెడివారు. క్రమముగా మేమును అట్లే అనుకొనసాగితిమి. మీలో ననేకుల యిండ్లలో గూడ ఇట్టి బల్ల యొకటి ఏదో మూలన ఉండునని మా నమ్మకము. ప్రాణముగా ప్రేమించిన పని మనకు తెలియకుండనే చేతినుండి ఎట్లు జారిపోవునో, అది మరల చేతికి ఎట్లు వచ్చునో, ఆ సంగతియే ఈనాటి మా ప్రసంగ విషయము.

మా పుట్టినిల్లు అంగళ్లు. మదనపల్లెనుండి ములకలచెరువు పోవు బాటలో, కురబలకోట మండలమున ఉన్న యూరు. అంగడి యను మాటకు బహువచనమే ఆ యూరి పేరు. మా చిన్నతనమున వేసవి వచ్చినదనగా మా యింటి ముంగిట బొంతలు కుట్టుట మొదలయ్యెడిది. ఏడాది పొడుగున పాతబడిన చీరలను, పంచెలను అవ్వ ఉతికి ఆరవేసి దాచియుంచెడిది. వానిని నాలుగైదు పొరలుగా పరచి, ముడుతలు సవరించి, పొరలు కదలకుండ ముందు దూరదూరముగా పెద్దకుట్లు వేసెడివారు. ఆ పిమ్మట అవ్వ యొక అంచున, అమ్మ యొక అంచున కూర్చుండి, అంచులనుండి నడిమికి చిన్నకుట్లు వరుస తప్పకుండ కుట్టుకొని వచ్చెడివారు. బొంత పూర్తియగుసరికి వారిద్దరి మోకాళ్లును ఎదురెదురుగా తగులుచుండెడివి.

ఏడేండ్ల వయసున మాకు మొదటి సూది నిచ్చినది అమ్మయే. చొక్కాలకు గుండీలు కుట్టుట మొదటి పాఠము. బొంతమీద మాత్రము మమ్ము చేయి వేయనిచ్చెడిది కాదు. "నీ కుట్టు గుడ్డను పట్టి లాగతాది. కొన్నాళ్లు ఊరికే చూస్తా ఉండు" అనెడిది. మేము చూచుచుండెడివారము. సూదిని ఒక్కసారి లాగి దారమును బయటికి తీసిన పిదప, అమ్మ ఆ కుట్టిన మేరను ఎడమ అరచేతితో మెల్లగా నిమిరెడిది. నిదురపోవు బిడ్డ వీపు నిమిరినట్లుండెడిది. అది బొంతమీద ఆమెకున్న మమకారమని మేమనుకొంటిమి. శ్రోతలు ఈ నిమురుటను జ్ఞాపకముంచుకొన ప్రార్థన. చివర దానితో పని యున్నది.

పండ్రెండవ యేట మమ్ము కుట్టుమిషను ముందు కూర్చుండ నిచ్చినది. అది కాలితో త్రొక్కు ఉషా మిషను. చేతికుట్టునకు ఒక్క దారమే కావలెను. మిషను కుట్టునకు రెండు కావలెను. సూది పైదారమును గుడ్డ క్రిందికి కొనిపోయి చిన్న ముడుచువలె వదలును. క్రింద బాబిను దారము ఆ ముడుచులో దూరి దానిని పట్టుకొనును. రెండును గుడ్డ నడుమ పెనవేసికొనును. ఇందులోని కిటుకంతయు సూది మొనకే బెజ్జము పెట్టుటలో ఉన్నది. అమెరికాలో ఎలియాస్ హౌ అనునాతడు ఈ పద్ధతికి 1846లో పేటెంటు పొందెను. ఐజాక్ సింగరు 1851లో తన మిషనుకు పేటెంటు పొంది, దానిని ఇల్లిల్లు చేర్చెను. యంత్రములను అంతగా మెచ్చని గాంధీ మహాత్ముడు గూడ 1924లో జరిగిన యొక సంభాషణలో కుట్టుమిషనుకు మినహాయింపు నిచ్చెను. భార్య పడు శ్రమను చూడలేక సింగరు దానిని కల్పించెననియు, దాని వెనుక ప్రేమ యున్నదనియు ఆయన భావము. సింగరు జీవితచరిత్ర చదివినవారు ఈ కథను అంతగా నమ్మకపోవచ్చును. మా యింటి మిషను మట్టుకు మహాత్ముని మాటయే నిజము. దానిమీద కుట్టిన పావడలతో, రవికలతో వచ్చిన డబ్బుతోనే మేము తిరుపతిలో విశ్వవిద్యాలయపు చదువు చదివితిమి.

ఇంత ప్రీతితో నేర్చిన పని ఎట్లు పోయినది? ఉద్యోగము వచ్చినది, సంసారము వచ్చినది, తీరిక పోయినదని చిరకాలము చెప్పుకొంటిమి. బజారులో సిద్ధముగా కుట్టిన దుస్తులు చవుకగా దొరకుచున్నవని గూడ చెప్పుకొంటిమి. ఇవి అబద్ధములు కావు గాని పూర్తి నిజములును కావు. మాకు రవిక, పావడ, గౌను, దిండుగలీబు, చీర అంచు, ఈ అయిదు పనులు బాగుగా వచ్చును. ఆ అయిదింటినే పదేండ్లు కుట్టితిమి. కన్నులు మూసికొని కుట్టగలిగితిమి. కన్నులు మూసికొని చేయగలిగిన నాడే ఆ పనిని చూచుట మానివేసితిమి. నేర్చుకొనవలసినది ఏదియు లేని పనిలో చేయి తిరుగుచుండును గాని మనసు నిలువదు. ఒక దినము పండుగకు ముందు దర్జీకి గుడ్డ ఇచ్చి వచ్చితిమి. ఆనాడే మిషనుమీద రేడియో నుంచితిమి.

ఆరేండ్ల క్రిందట మా అమ్మ గతించినది. కర్మలు ముగిసిన పిదప అంగళ్లు ఇంటిలో ఆమె ట్రంకుపెట్టె తెరచితిమి. అడుగున ఒక బొంత యున్నది. మూడువంతులు కుట్టినది, ఒకవంతు మిగిలినది. చివరి కుట్టు వద్ద సూది గుడ్డలో గ్రుచ్చియే యున్నది. దారము గూడ దానిలోనే యున్నది. పైపొర మా పెండ్లినాటి అమ్మ చీర. దానిని ఇంటికి తెచ్చి ఆ రాత్రియే ఆ సూది పట్టి రెండు వరుసలు కుట్టితిమి. ఉదయము వెలుతురులో చూడగా అమ్మ కుట్లు చీమలబారువలె నున్నవి. మా కుట్ల వెంట గుడ్డ ముడుచుకొని పోయినది. ఏడేండ్లనాడు అమ్మ చెప్పిన తప్పే అది. కుట్లు విప్పివేసి, సూదిని అమ్మ గ్రుచ్చినచోటనే మరల గ్రుచ్చి, బొంతను బీరువాలో నుంచితిమి. చేయి పోయినది, ఇక రాదని నిశ్చయించుకొంటిమి.

గత సంవత్సరము టమాటా రైతులతో ఒక కార్యక్రమము ధ్వనిముద్రణ చేయుటకై అంగళ్లు మండీకి పోయితిమి. ఆ ప్రాంతమున టమాటా ఎంత పండునో, ధర యెట్లు ఒక వారము ఆకాశమునకు, ఒక వారము పాతాళమునకు పోవునో శ్రోతలకు తెలిసినదే. గంపల నడుమ కాయలు ఏరు కూలీలలో ఒక ముసలి సుగాలి స్త్రీ, పని లేని గడియలో గోడనీడను కూర్చుండి ఏమో కుట్టుచుండెను. చిన్న సంచి. ఎఱ్ఱగుడ్డపై పసుపు, తెలుపు దారములు. నడుమ రూపాయి బిళ్లంత అద్దపు బిళ్లలు. మైకు పట్టుకొని దగ్గరకు పోయి, "అవ్వా, ఈ కుట్టు గురించి రెండు మాటలు చెప్పండి" అని యడిగితిమి. ఆమె తల యెత్తలేదు. "మాట్లాడేది నాకు రాదు పాపా. కుట్టేది వస్తాది" అన్నది.

ఇరువది సంవత్సరములుగా మాటతో బ్రతుకుచున్న మాకు ఆ సమాధానము క్రొత్తగా తోచినది. చనువు కలుగుటకై, మాకును చిన్ననాటినుండి కుట్టు వచ్చునని చెప్పితిమి. అప్పుడామె తలయెత్తి చూచి, ఒక అద్దమును, గుడ్డముక్కను, సూదిదారమును మా చేతిలో పెట్టి, "వస్తాదంటివి గదా, దీన్ని కుట్టి చూపియ్యి" అన్నది.

అద్దమును అటు ఇటు త్రిప్పి చూచితిమి. గుండీకి బెజ్జములుండును, పూసకు బెజ్జముండును, తళుకుకు గూడ నుండును. అద్దమునకు బెజ్జము లేదు. సూది దూరుటకు దారి లేని వస్తువును గుడ్డకు కుట్టుట యెట్లు? అంచు చుట్టు రెండు మూడు విధముల ప్రయత్నించితిమి. ప్రతిసారియు అది జారి నేలబడినది. చుట్టునున్న కూలీలు నవ్విరి. మేమును నవ్వితిమి. మైకు మూసివేసి ఆమె ప్రక్కన గోనెపట్టాపై కూర్చుంటిమి. ఏడేండ్ల వయసున మొదటి గుండీ కుట్టినప్పుడు గుండెలో కలిగిన తొందర యేదో, నలుబది దాటిన ఈ వయసున ఆ గోడనీడను మరల కలిగినది.

ఆ పని తెలిసినదే మాటలలో చెప్పుటకు యత్నింతుము. అద్దమును గుడ్డపై నుంచి ఎడమ బొటనవ్రేలితో అదిమిపట్టవలెను. అద్దపు టంచును ఆనుకొని సూదిని క్రిందినుండి పైకి తీసి, దారమును అద్దముమీదుగా ఆవలి అంచునకు కొనిపోయి గుడ్డలోనికి దింపవలెను. ఇట్లు నిలువుగా రెండు దారములు, అడ్డముగా రెండు దారములు వేయవలెను. అడ్డపు దారములు నిలువు దారములను దాటునప్పుడు వానికి ఒక్కొక్క మెలిక పెట్టవలెను. అద్దము నడుమ నాలుగు దారముల చిన్న కిటికీ ఏర్పడును. ఇది పునాది. పిమ్మట అంచు చుట్టు కుట్టవలెను. సూదిని ఒకసారి కిటికీ దారము క్రిందుగా దూర్చి లాగుట, ఒకసారి అద్దపు టంచు వద్ద గుడ్డను కొలదిగా కరచి తీయుట, ఇట్లు మార్చి మార్చి కుట్టుచు చుట్టు తిరిగిరావలెను. ప్రతి కుట్టును కిటికీని వెలుపలికి లాగును. అన్ని వైపులను సమముగా లాగబడి ఆ నలుచదరపు కిటికీ గుండ్రని చట్రముగా మారి అద్దమును పట్టుకొనును. పునాది దారములు తుదకు కంటికి కనబడవు.

వినుటకు సులభము. మాకు నాలుగు ఆదివారములు పట్టినది. మొదటి వారమున అద్దము ఊడిపోయినది. రెండవ వారమున గుడ్డ ముడుచుకొన్నది. మేము పునాది దారములను అందముకొరకు అంచునకు దగ్గరగా వేయుచుంటిమి. లాగగానే అవి అద్దముమీదినుండి జారుచుండెను. అవ్వ తప్పును నోటితో చెప్పలేదు. మా కుట్టును విప్పి, తన వ్రేలితో అద్దము నడిమిని తట్టి చూపినది. చాలసేపటికి, "నడిమికి దగ్గరగా ఎయ్యల్ల, బిగిచ్చి ఎయ్యల్ల. గుండ్రమనేది దానంతట అదే తిరుగుతాది" అన్నది. మూడవ ఆదివారము సాయంకాలము మొదటి అద్దము నిలిచినది. గుడ్డను తలక్రిందులు చేసి విదలించి చూచితిమి; పడలేదు. విశ్వవిద్యాలయపు పట్టా అందుకొన్ననాడు గూడ ఇంతగా సంతసించితిమో లేదో చెప్పజాలము.

ఈ విద్య ఎవరిదో రెండు మాటలు చెప్పుట ధర్మము. సుగాలీలనియు, లంబాడీలనియు, బంజారాలనియు పిలువబడు ఈ జనులు పూర్వము ఎద్దులమంద మీద ఉప్పు, ధాన్యము మోయించుకొని దక్కను అంతట తిరిగిన వర్తకులు. బాటలు, రైళ్లు వచ్చిన పిదప పంతొమ్మిదవ శతాబ్దమున ఆ వర్తకము పోయి తండాలలో స్థిరపడిరి. ఆంగ్ల ప్రభుత్వము 1871లో చేసిన నేరస్థ జాతుల చట్టపు నీడ వీరిపై గూడ పడినది. దేశమంతటను ఆ చట్టము 1952లో తొలగినది. సంచారులకు గోడలు లేవు గనుక చిత్రములన్నియు గుడ్డమీదనే వ్రాసికొనిరి. ఫేటియా యను పావడపై, కాంచళి యను రవికపై అద్దములు, గవ్వలు, నాణెములు కుట్టుకొనిరి. ఎండలో తళుక్కుమను ఆ దుస్తులను చూచి మన పల్లెలలో పిల్లలు వెంటబడెడి కాలము మాకు తెలియును. ఇప్పుడు తండాలలో ముసలివారు తప్ప వానిని కట్టుకొనువారు అరుదు.

అయినను ఈ విద్య మరల చిగిర్చిన చోట్లు కలవు. కర్ణాటకమున బళ్లారి జిల్లా సండూరులో కుశల కళా కేంద్రమున లంబాణీ స్త్రీలు ఈ కుట్టుతో జీవనము సాగించుచున్నారు. అక్కడి కుట్టుకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2023 జూలైలో హంపిలో జి-20 సమావేశము జరిగినప్పుడు, ఆ కేంద్రపు స్త్రీలు 450 మందికి పైగా కలిసి కుట్టిన 1,755 వస్తువుల ప్రదర్శనము గిన్నిసు పుస్తకమున కెక్కినది. మనకు మరింత దగ్గరి ఉదాహరణము గూడ నున్నది. పుంగనూరు, కుప్పము దాటి కృష్ణగిరి మీదుగా పోయిన తమిళనాటి ధర్మపురి జిల్లా వచ్చును. అక్కడి సిత్తిలింగి లోయలోని లంబాడీ తండాలలో ఈ కుట్టు దాదాపు అంతరించినది; కొలదిమంది వృద్ధ స్త్రీలకు మాత్రమే జ్ఞాపకమున్నది. వారివద్ద తక్కిన స్త్రీలు మొదటినుండి నేర్చుకొని ఒక సంఘముగా నేర్పడిరి. ఆ సంఘము పేరు పొర్గై. వారి భాషలో దానికి గర్వమని యర్థము. తమ యవ్వల విద్యనే ఆ స్త్రీలు క్రొత్త విద్యవలె కూర్చుండి నేర్చుకొనవలసి వచ్చినదను సంగతి మమ్ము మిక్కిలి ఆలోచింపజేసినది.

మా గురువుగారి విషయమున ఒక చిక్కు ఉన్నది. ఆమె చూపు మందగించినది. నలుబది దాటిన పిదప కంటిలోని కటకము వంగుగుణమును కోల్పోవును గనుక దగ్గరి వస్తువులు మసకగా కనబడుట అందరికిని కలుగునదే. మేమును కండ్లద్దములు పెట్టుకొనియే కుట్టుచున్నాము. ఆమెకు అవి లేవు. తొమ్మిదవ తరగతి చదువు మనుమరాలు ప్రతి ఉదయము బడికి పోవుటకు ముందు పది సూదులలో దారమెక్కించి ఒక గుడ్డకు గ్రుచ్చి పోవును. ఆ పదియు నయిపోయినచో ఆనాటికి కుట్టు ముగిసినట్లే. నాలుగవ ఆదివారము మేము గురుదక్షిణగా కొంత డబ్బు ఇవ్వబోగా ఆమె తీసికొనలేదు. "దుడ్డెందుకు? కండ్లకు అద్దాలిప్పియ్యి" అన్నది. మదనపల్లెలో పరీక్ష చేయించి ఇప్పించితిమి. వానిని పెట్టుకొని ఆమె మొదట చూచినది తాను కుట్టిన సంచినే. "ఇంత వంకరగా కుట్టినానా!" అని విప్పుట కారంభించినది.

మనుమరాలిని ఒకనాడు, నీవు నేర్చుకొనవా యని యడిగితిమి. "నాకు పరీక్షలుండాయి మేడమ్" అన్నది. ఆ మాటను తప్పుపట్టు హక్కు మాకు లేదు. ఆ వయసున మేమును పరీక్షలకే చదివితిమి. ఆ చదువే మాకు అన్నము పెట్టినది. ఒక విద్య నిలువవలెనన్న, నేర్చినవారికి అది కూలిపనికంటె ఎక్కువ గౌరవమును, ఆదాయమును ఈయవలెను. సండూరులో, సిత్తిలింగిలో జరిగినది అదియే. అంగళ్లు ప్రక్క తండాలో అది జరుగునో లేదో కాలము చెప్పవలెను.

అద్దము నిలిచిన పిదప మాకు ధైర్యము వచ్చినది. ఇంకేమి నేర్చుకొందమా యని ఆకలి పుట్టినది. లోకమున అన్నిటికంటె సామాన్యమైన కుట్టు, సూదిని పైకి క్రిందికి పోనిచ్చు బొంతకుట్టు. వంగదేశపు స్త్రీలు పాతచీరల పొరలపై ఆ కుట్టుతోనే కాంథా కుట్టిరి. పాతచీరల అంచులనుండి లాగిన రంగుదారములే వారికి ముడిసరకు. ఉత్తర కన్నడమున ఆఫ్రికా సంతతివారైన సిద్దీ స్త్రీలు కవంది యను దుప్పటిని అంచునుండి నడిమికి చుట్టివచ్చుచు కుట్టుదురు. జపానున ఉత్తర ప్రాంతములలో చలి హెచ్చు, నూలుగుడ్డ కరవు. అక్కడి రైతుకుటుంబముల స్త్రీలు నీలిమందు గుడ్డల పొరలను తెల్లదారముతో కుట్టి వెచ్చదనమును, మన్నికను సాధించిరి. దానికి సాషికో యని పేరు. ఇవన్నియు మా ముంగిట బొంతకు అక్కచెల్లెండ్రు.

సాషికో కుట్టువిధమును మా అమ్మాయి తన ఫోనులో చూపినది. ఒక జపాను వృద్ధురాలి చేతులు మాత్రమే కనబడుచున్నవి. ఆమె సూదిని కదపదు. సూదిని నిలుకడగా పట్టుకొని గుడ్డనే పైకి క్రిందికి ఊపుచు సూదిపైకి ఎక్కించుచున్నది. ఐదారు కుట్లు సూదిమీద చేరిన పిదప ఒక్కసారిగా దారము లాగినది. లాగి, కుట్టిన మేరను వ్రేళ్లతో మెల్లగా నిమిరినది.

మేము ఫోనును ఆపుమని, ఆ భాగమును మరల చూపుమంటిమి. అది అమ్మ చేయియే. దారము లాగినప్పుడు గుడ్డ కొంత కుదించుకొని పోవును. కుట్టిన మేరను వెంటనే నిమిరినయెడల గుడ్డ సాగి యథాస్థానమునకు వచ్చును, దారములో కావలసినంత వదులు మిగులును, ముడుత పడదు. ఉతికినప్పుడు గుడ్డ లాగబడదు. జపానువారు ఈ నిమురుటకు ప్రత్యేకముగా పేరు పెట్టుకొని శిష్యులకు నేర్పుదురు. మేము ముప్పది సంవత్సరములు దానిని మమకారమనుకొంటిమి. మమకారము కాదని ఇప్పుడును అనము. కాని అది ముందు విద్య. "ఊరికే చూస్తా ఉండు" అని అమ్మ చెప్పినది ఆ చేతిని చూడుమని కాబోలు; మేము సూదిని చూచితిమి.

ఆ రాత్రి బీరువా తెరచి బొంతను తీసితిమి. అమ్మ గ్రుచ్చిన సూదినే పట్టుకొని, దానిని కదలనీయక, గుడ్డను ఊపి, నాలుగు కుట్లు ఎక్కించి, లాగి, నిమిరితిమి. ఉదయము వెలుతురులో చూడగా గుడ్డ సాపుగా నున్నది. కుట్లు అమ్మ కుట్లంత చిన్నవి కావు; ఎక్కడ ఆమె ఆపినదో, ఎక్కడ మేము మొదలిడితిమో ఎవరైనను చెప్పగలరు. ఈసారి విప్పలేదు.

అమ్మ కుట్టు ముగిసినచోట గుర్తుగా ఒక అద్దము కుట్టవలెనని మాకు బుద్ధి పుట్టినది. అవ్వకు చెప్పగా కండ్లద్దముల మీదుగా కోపముతో చూచినది. "కప్పుకునే బొంతకు అద్దమా? పండుకున్నోళ్ల ఒళ్లు కోసుకోనా?" అన్నది. నేర్చిన ప్రతి విద్యను ప్రతిచోట చూపరాదను పాఠము గూడ ఆమెయే చెప్పినది. అద్దము మా చేతిసంచిమీద నున్నది. బొంత మా మంచముమీద నున్నది.

ఇక శ్రోతలకు కొన్ని పనికివచ్చు మాటలు చెప్పి ముగింతుము. మీ యింట మిషను మూలబడియున్నచో, మొదట సూదిక్రింది పలకను విప్పి దానిలో పేరుకొన్న దుమ్మును, నూలుపీచును మెత్తని కుంచెతో తీయుడు. మిషను నూనెనే వేయుడు. కొబ్బరినూనె వేసినచో అది గట్టిపడి మిషను బిగుసుకొనును. పాతసూదిని పారవేసి క్రొత్తది పెట్టుడు. పలుచని పట్టునకు 11వ నంబరు, మామూలు నూలుగుడ్డకు 14, మందపు గుడ్డకు 16 సరిపోవును. కుట్టినప్పుడు గుడ్డ అడుగున దారము ఉచ్చులు ఉచ్చులుగా వచ్చినయెడల, తప్పు చాలవరకు అడుగున గాక పైదారము ఎక్కించుటలోనో, దాని బిగింపులోనో ఉండును. చేతిసూదిలో దారమెక్కనిచో దారమును ఏటవాలుగా కత్తిరించి, బెజ్జము వెనుక తెల్లకాగితము నుంచి చూడుడు. నలుబది దాటినవారు కంటి పరీక్ష చేయించుకొనుడు. చేయి పోయినదని మనమనుకొనునది తరచు కన్ను మాత్రమే.

అన్నిటికంటె ముఖ్యమైనది వేరొకటి. తెలిసిన పనినే మరల మొదలుపెట్టిన పాత విసుగే ఎదురగును. మీకు రాని కుట్టు నొకదానిని నేర్చుకొనుడు. మీ వీధిలోనో, ప్రక్క తండాలోనో, నీరుగట్టువారిపల్లె మగ్గముల నడుమనో, అది వచ్చినవారు ఉందురు. వారికి మాట్లాడుట రాకపోవచ్చును. ప్రక్కన కూర్చుండి చూడుడు. వారి శ్రమకు తగిన విలువ నిచ్చుట మరువకుడు. రాని పనిని నేర్చుకొనునప్పుడు కన్ను తెరచుకొనును. తెరచిన కంటికి, ఎప్పుడో వచ్చిన పనిలో గూడ అంతవరకు చూడనిది కనబడును. మాకు మా అమ్మ అరచేయి కనబడినది.

మా యింట రేడియో ఇప్పుడు గోడగూటిలో ఉన్నది. అక్కడినుండి గూడ చక్కగనే వినబడుచున్నది.